తెర పక్కన నిలబడ్డ మనిషి

కాంపౌండర్ సాబ్ చనిపోయిన పన్నెండో రోజుకు గాని నాకు తెలియలేదు. చిట్యాల బస్టాండులో నల్గొండ బస్సు కోసం నిలబడి ఉంటే, ఒకప్పుడు కల్వకుర్తిలో నాతో పనిచేసిన లెక్కల టీచరు కనిపించింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, తన బస్సు ఎక్కబోతూ, ఏదో చిన్న సంగతి గుర్తొచ్చినట్టు, "మన సినిమా చాచా పోయిండు, ఎర్కేనా?" అంది. ఆమె బస్సు కదిలిపోయింది. కాసేపటికి నా బస్సు కూడా వచ్చి పోయింది. నేను ఎక్కలేదు.

ఆయన పశువుల దవాఖానలో కాంపౌండరు. పెద్దవాళ్లకు కాంపౌండర్ సాబ్, పిల్లలకు సినిమా చాచా. పిల్లల వెంట నేనూ చాచా అనే పిలిచేదాన్ని. అసలు పేరు నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. ఒకసారి ఊరంతా ఆ పేరును నోట్లో వేసుకుని నమిలింది. మళ్లీ నేనెందుకు?

ఎనభయ్యో దశకం నడిమి సంగతి ఇది. నాకు కొత్తగా పెళ్లయింది. కల్వకుర్తిలో ఆడపిల్లల బడికి ఇంగ్లీషు టీచరుగా కొత్తగా వచ్చాను. మా ఆయన బ్యాంకులో గుమాస్తా. ఆయనా, ఇద్దరు లెక్చరర్లూ కలిసి ఊళ్లో ఒక సినిమా సంఘం పెట్టారు. నెలకు రెండు విదేశీ సినిమాలు పట్నం నుంచి శ్రీశైలం బస్సులో రేకు డబ్బాల్లో వచ్చేవి. ఒక వ్యాపారి ఖాళీగా ఉన్న పల్లీల గోదాము ఇచ్చాడు. కిటికీలకు గోనె సంచులు కట్టి, గోడకు తెల్లటి గుడ్డ పరిచి, ఆదివారం పొద్దున పది గంటలకు ఆట వేసేవాళ్లు. ఎండాకాలంలో ఆ గోదాములో కూర్చుంటే వేయించిన పల్లీల వాసన వచ్చేది. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నాకు ఏదో ఒక పరదేశపు పిల్లవాడి ముఖం గుర్తొస్తుంది.

మొదటి మూడు ఆటలకు పెద్దవాళ్లు బాగానే వచ్చారు. పాటల్లేవు, కొట్లాటల్లేవు, పైగా అన్నీ చిన్నపిల్లల కథలే అని తర్వాత మానేశారు. పిల్లలు మాత్రం మిగిలారు, వాళ్లను పొమ్మనేవాళ్లు లేరు కనుక. కానీ సినిమా మాటలు వాళ్లకు తెలియవు, తెర కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదవలేరు. గోల చేసేవారు. ఒక ఆదివారం ఆ గోల మధ్యలో ఒక నడివయసు మనిషి వెనక నుంచి లేచి వచ్చి, తెర పక్కన నిలబడి, "సప్పుడు జేయకున్రి. ఏమైందో నేను జెప్త," అన్నాడు. ఆట అయ్యేదాకా చెబుతూనే ఉన్నాడు. గోదాము నిశ్శబ్దమైపోయింది.

అయ్యాక నేను వెళ్లి, "మీరు చెప్పిన కథకూ సినిమాలో కథకూ సగం పొంతన లేదండీ," అన్నాను.

ఆయన సిగ్గుపడలేదు. "నాకు ఇంగ్లీషు రాదు టీచరమ్మా. నోరులేని పశువు ముఖం జూసి ఏం నొస్తున్నదో చెప్పేటోన్ని, నోరున్న మనుషుల ముఖం జూసి చెప్పలేనా అనుకున్న. తప్పయితే మీరు చెప్పున్రి, నేను పిల్లలకు చెప్త," అన్నాడు.

అట్లా మొదలైంది. శనివారం మధ్యాహ్నం మేం ముగ్గురం గోదాములో ముందుగా సినిమా చూసేవాళ్లం. మా ఆయన యంత్రం నడిపేవాడు, నేను అక్షరాలు చదివి తెలుగులో చెప్పేదాన్ని, చాచా వినేవాడు. ఒక్క ముక్క రాసుకునేవాడు కాదు. ఆదివారం పొద్దున దవాఖాన నుంచి నేరుగా వచ్చి, గోదాము బయటి నల్లా కింద చేతులు మోచేతుల దాకా సబ్బుతో తోముకునేవాడు. బర్రెకు పురుడు పోసే ముందు ఎట్లా తోముకునేవాడో అట్లాగే. చేత్తో ముట్టుకునేది ఏమీ లేదు కదా అని మా ఆయన నవ్వేవాడు. చాచా నవ్వేవాడు కాదు.

ఆట నడుస్తున్నంతసేపూ తెరకు వీపు పెట్టి, పిల్లల వైపు తిరిగి నిలబడేవాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఎందుకని అడిగాను.

"ఎనకకు జూస్తే సినిమా కనబడ్తది. ముంగట జూస్తే పిల్లలు కనబడ్తరు. సినిమా నిన్ననే జూసిన గద," అన్నాడు.

ఆ దేశాల పేర్లు ఆయన నోట తిరిగేవి కావు. సినిమాలకు తనే పేర్లు పెట్టుకునేవాడు. ఒకటి 'పుట్టి సినిమా'. ఎక్కడిదో ఒక పెద్ద నది, తండ్రి జబ్బుపడితే పన్నెండేళ్ల అమ్మాయి పడవ నడుపుతుంటుంది. ఎక్కినవాళ్లందరూ అవతలి ఒడ్డున దిగి ఎటో వెళ్లిపోతారు. ఆ పిల్ల మాత్రం రోజూ ఒడ్డు తాకి వెనక్కి వస్తుంది. చివరకు ఒకరోజు పడవ కట్టేసి, గట్టెక్కి, వీధి మలుపు దాకా నడుస్తుంది. అక్కడ ఒకామె తీగ మీద బట్టలారేస్తూ ఉంటుంది. అంతే. అది చూసి వెనక్కి వచ్చేస్తుంది. "సోమశిల కాడ మన పుట్టి ఉంటది గద, గదే అనుకోన్రి," అని చెప్పి, ఆ పిల్ల నడుస్తున్నప్పుడు గొంతు తగ్గించేశాడు. ఏదో ఘనకార్యం చూస్తున్నట్టు పిల్లలంతా మెడలు చాచారు.

ఇంకొకటి 'నత్తి పిలగాని సినిమా'. ట్రాములు తిరిగే పట్నం, బూడిద రంగు బడి. నత్తి ఉన్న పిల్లవాడు పద్యం అప్పజెప్పాలి. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాడు. తరగతి నవ్వుతుంది. పంతులు ఏమీ అనడు, పుస్తకం మూసి ఊరికే ఎదురుచూస్తాడు. పిల్లలు నవ్వి నవ్వి అలసిపోతారు. కిటికీ మీద వాన పడుతుంటుంది. చాలాసేపటికి ఆ పిల్లవాడి నోటి నుంచి మొదటి మాట వస్తుంది. ఆ చాలాసేపూ చాచా ఏమీ చెప్పలేదు. అరచెయ్యి కొంచెం పైకెత్తి, ఆగండి అన్నట్టు మా పిల్లల వైపు చూపించాడు. కల్వకుర్తి పిల్లలు యాభై మంది ఊపిరి బిగబట్టి ఎవరో తెలియని వాడి కోసం ఆగారు. ఆ తర్వాత నేను చాలా దేశాల సినిమాలు చూశాను, పేరున్నవీ, బహుమతులొచ్చినవీ. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇప్పటికీ అదే. తరగతిలో ఏ పిల్లయినా జవాబు చెప్పలేక నిలబడితే వెంటనే పక్కదాన్ని అడగడం ఆ ఆదివారంతోనే మానేశాను.

ఆయనతో నాకు ఒకే విషయంలో తగాదా. సినిమాలో ఎవరైనా చచ్చిపోతే ఆయన ఆ మాట చెప్పేవాడు కాదు. తాత పోతే "పండుకుండు" అనేవాడు. కుక్క పోతే "ఎటో పోయింది" అనేవాడు. "సినిమా తీసినాయన అంత కష్టపడి తీస్తే మీరు అబద్ధం చెబుతారేంది?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"ఎవలన్న అడుగుతున్నరా టీచరమ్మా? అడిగిననాడు చెప్త," అన్నాడు.

ఆ ఏడు వానాకాలంలో మంచు దీవి సినిమా వచ్చింది. శనివారం చూశాం. చలిదేశంలో ఒక దీవి. ఏడేళ్ల పిల్లవాడి తల్లిని జబ్బు చేసి అవతలి ఒడ్డున ఉన్న దవాఖానకు తీసుకెళ్తారు. మంచు కరిగాక వస్తుందని ఇంట్లోవాళ్లు వాడికి చెబుతారు. తల్లి పోయిందని దీవిలో అందరికీ తెలుసు, వాడికి తప్ప. వాడు రోజూ నీళ్ల దగ్గరికి పోయి మంచు ఎంత కరిగిందో కట్టెపుల్లతో గుచ్చి చూస్తాడు. ఒకరోజు వాళ్ల పిన్ని తలకు పూల రుమాలు కట్టుకుని పొయ్యి ముందు కూర్చుని ఉంటుంది. ఆ రుమాలు తల్లిది. వాడు గుమ్మంలో నిలబడి దాన్ని చూస్తాడు. చూస్తూనే ఉంటాడు. మాటల్లేవు, నేను చదవడానికి అక్షరాల్లేవు.

యంత్రం ఆగింది. మా ఆయన వెంటనే, "ఇది వద్దు. డబ్బాలు వాపస్ పంపేద్దాం," అన్నాడు.

మా ముగ్గురికీ గుర్తొచ్చింది ఒక్క పిల్లే. మణెమ్మ. నా తరగతిలో పదేళ్లది. అమ్మా నాయినా మేస్త్రి వెంట దూరదేశం కాలువ పనులకు వలస పోయారు. పిల్లను అవ్వ దగ్గర వదిలారు. రెండు నెలల కింద ఆ పని దగ్గరే మట్టిపెళ్లలు విరిగిపడి తల్లి చనిపోయింది. అక్కడే మన్ను చేశారు. అవ్వ బడికి వచ్చి మా కాళ్ల మీద పడినంత పని చేసింది, "పోరికి చెప్పకున్రి, గుండె పలుగుతది," అని. మేమంతా సరే అన్నాం. అవ్వ మేకలను పశువుల దవాఖానకే తోలుకొస్తుంది గనుక చాచాకు కూడా తెలుసు. మణెమ్మ ఏ ఆదివారమూ ఆట తప్పించదు. మొదటి వరసలో కూర్చుంటుంది.

చాచా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత నేల వైపు చూస్తూ చెప్పాడు.

"నాకు ఏడేండ్లున్నప్పుడు మా అబ్బా పోయిండు. నిజాం రాజ్యం పోయిన ఏడు, గా గడిబిడి దినాలల్ల. సంతకు పోయినాయన మల్ల రాలే. నాకేమో, అబ్బా పట్నం పోయిండు, ఈద్‌కు వస్తడు అన్నరు. మూడు ఈద్‌లు సడక్ మీద నిలబడ్డ."

"ఎవరు చెప్పారు మరి?" అన్నాను.

"ఇంట్ల ఎవ్వలు చెప్పలే. గోలీలాటల కొట్లాటయింది. ఓడిపోయిన పోరడు అన్నడు, మీ అబ్బా సచ్చిండు గదరా, ఇంక ఎవనికి చెప్తవ్ అని. గట్ల దెలిసింది."

మళ్లీ తనే, "ఆ మూడేండ్లు మంచిగుంటి టీచరమ్మా. అబద్ధం మీదనే మంచిగుంటి. అందుకే నాకు సమజ్ గాదు, చెప్పుడు మంచిదా, చెప్పకపోవుడు మంచిదా," అన్నాడు.

చివరకు ఆట వేద్దామనే అనుకున్నాం. సినిమా అంత బాగుంది, పిల్లలు రెండు వారాలుగా ఎదురుచూస్తున్నారు. తల్లి వేరే దీవికి పనికి పోయిందని మాట మార్చి చెప్పాలని నిర్ణయించుకున్నాం. నిర్ణయించుకున్నాం అని ఎందుకంటున్నానంటే, ఆ ఉపాయం చెప్పింది నేనే. అబద్ధం చెబుతారేందని తగాదా పడ్డ నేనే.

ఆదివారం చాచా అట్లాగే చెప్పాడు. అమ్మ పనికి పోయింది, పైసలు జమ అయినంక వస్తది. పిల్లలు నమ్మారు. పూల రుమాలు వచ్చింది. మాటల్లేని ఆ చోట ఆయన కూడా ఆగిపోయాడు. పిన్ని ఆ రుమాలు ఎందుకు కట్టుకుందో మేం ముగ్గురం ఆలోచించి పెట్టుకోలేదు.

మొదటి వరసలో మణెమ్మ లేచి నిలబడింది. తెర వెలుతురు దాని ముఖం మీద పడింది. "చాచా, గా రుమాలు వాళ్లమ్మది గద. ఆమె ఎందుకు కట్టుకుంది?"

చాచా దాని వైపే చూస్తున్నాడు.

"వాళ్లమ్మ సచ్చిపోయిందా?"

నాకు ఆయన వీపు వెనక ఆ పిల్లవాడి ముఖం, ఆయన ముందర ఈ పిల్ల ముఖం, రెండూ కనిపిస్తున్నాయి. ఆయనకు మాత్రం మణెమ్మ ఒక్కతే కనిపిస్తోంది. "అవును బిడ్డా. సచ్చిపోయింది," అన్నాడు.

ఆట అయ్యాక పిల్లలంతా వెళ్లారు. మణెమ్మ కదలలేదు. చాచా దగ్గరికి వచ్చి, "మా అమ్మ గూడ గట్లనేనా?" అని అడిగింది. ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. నేను దాని టీచరును. నేను వంగి, కింద ఉన్న రేకు డబ్బా మూత సరిచేయడం మొదలుపెట్టాను. ఆ మూత సరిగ్గానే ఉంది.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని, ఏం జరిగిందో, ఎక్కడ జరిగిందో, తనకు తెలిసినంత చెప్పాడు. పండుకుందనలేదు, ఎటో పోయిందనలేదు. మణెమ్మ ఏడవలేదు. "అయితే దస్రాకు రాదు," అంది. ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకుపోయాడు. ఆ రోజు అవ్వ పెట్టిన శోకం మూడు వీధులకు వినిపించిందట.

బుధవారం బడిలో పంచాయితీ పెట్టారు. గోదాము యజమాని, అవ్వ, ఇద్దరు పెద్దమనుషులు, మా పెద్ద టీచరు, నేను. చాచాను పిలిపించారు. "మన ఇంటి సంగతి ఆయనకెందుకు?" అన్నాడొకాయన. ఆ 'ఆయన'లో ఇంకో అర్థం ఉందని గదిలో అందరికీ తెలుసు, చాచాకూ తెలుసు. "ఎవర్ని అడిగి చెప్పినవ్?" అన్నారు. "పిల్ల అడిగింది, చెప్పిన," అన్నాడు. "తెలిసి గూడ గా సినిమా వెయ్యుమన్నది ఎవరు? ఇంకెవరన్న ఉన్నరా నీతోని?" అన్నారు.

ఆయన నా వైపు చూడలేదు. "నేనే," అన్నాడు.

నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. నోరు విప్పవద్దని ఇంట్లో చెప్పి పంపారు. ఇవి కారణాలు. నేను మాట్లాడలేదు.

గోదాముకు తాళం పడింది. చాచా మీద అర్జీ పోయింది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఇద్దరు పిల్లలు తరగతి గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చారు. "టీచర్, మణెమ్మ నాయిన వచ్చిండు. కట్టె వట్టుకొని దవాఖానకు పోతున్నడు!" నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. పశువుల దవాఖాన బడి వెనకే. నేను చేరేసరికి మణెమ్మ తండ్రి చేతిలో కర్రతో మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. చాచా కింద కూర్చుని కాలు విరిగిన మేకకు వెదురు బద్దలు కడుతున్నాడు. తలెత్తి అతణ్ణి చూశాడు, కర్రనూ చూశాడు.

"జర గీ కాలు వట్టు. గుంజుతున్నది," అన్నాడు.

అతను కదలలేదు. మేక తన్నుకుంటోంది. కొంతసేపటికి కర్ర కింద పడేసి, కూర్చుని, రెండు చేతులతో కాలు పట్టుకున్నాడు. చాచా గుడ్డ చుడుతున్నాడు.

"నేనే చెప్దామని రెండుసార్లు వచ్చిన సాబ్," అన్నాడు అతను. "పోరి ముఖం జూసి చెప్పకుంట మల్ల పోయిన."

"ఎర్కే," అన్నాడు చాచా.

అతను పెద్దగా ఏడ్చాడు. మేక కూడా అరుస్తోంది. చాచా ఒక చేత్తో కట్టు పట్టుకుని, రెండో చెయ్యి అతని వీపు మీద వేశాడు. "ఏడువు. కాలు మాత్రం ఇడువకు. ఇంక రెండు చుట్లున్నయ్," అన్నాడు.

అయినా అర్జీ తన పని చేసింది. చాచాను జడ్చర్ల అవతలి ఒక పల్లెకు బదిలీ చేశారు. మూడేళ్లు పొద్దున్నే బస్సెక్కి పోయి చీకటిపడేసరికి వచ్చేవాడు. దారిలో కనపడితే, "మంచిగున్నరా టీచరమ్మా?" అనేవాడు. సినిమాల మాట ఎత్తేవాడు కాదు. తర్వాత మాకూ నల్గొండ జిల్లాకు బదిలీ అయింది.

పోయినేడాది జడ్చర్ల బస్సులో మణెమ్మ కలిసింది. నర్సు ట్రైనింగ్ అయి, ఒక పల్లెలో పనిచేస్తోంది. పక్కన కూర్చుని తనే ఆ రోజు సంగతి ఎత్తింది. "చాచా మీద శానా కోపమొచ్చింది టీచర్. ఏడాది మాట్లాడలే. ఆయన చెప్పకుంటే అమ్మ ఇంక బతికే ఉండేది అనుకుంటి." కిటికీలోంచి చూస్తూ మళ్లీ అంది: "అమ్మ పోయినంక అందరు నా ముంగట నవ్వుకుంట మాట్లాడేది. మీరు గూడ. ఎందుకట్ల నవ్వుతున్నరో సమజ్ గాక భయమయ్యేది. చాచా ఒక్కడు నవ్వకపోయేది."

మొన్న ఆదివారం కల్వకుర్తి వెళ్లాను. చాచా భార్యను నేను అంతకు ముందు రెండు మూడుసార్లే చూశాను. లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. చనిపోయే ముందు ఆయన ఎక్కువ బాధపడలేదనీ, రెండు రోజులే మంచం పట్టాడనీ చెప్పింది. తర్వాత నేను పన్నెండేళ్లుగా ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాను. మాట మార్చమని చెప్పింది నేనని, ఆ పిల్ల అడిగినప్పుడు తల వంచుకున్నది నేనని, పంచాయితీలో నోరు విప్పనిది నేనని.

ఆమె అంతా విన్నది. ఆశ్చర్యపోలేదు.

"ఆయన ఒక్కటే దినం అన్నడు బిడ్డా. బుధవారం ఇంటికొచ్చి, కాళ్లు గడుక్కొని, 'టీచరమ్మ ఒక్క మాట అంటదనుకున్న' అన్నడు. గంతే. మల్లెప్పుడు అనలే."

ఆ గొంతులో ఫిర్యాదు లేదు. నేను చెప్పాను గనుక తనూ చెప్పాలన్నట్టు చెప్పింది. నేను లేచి నిలబడ్డాను. ఆమె నా చీర కొంగు పట్టుకుని ఆపింది.

"ఎండల వడి వచ్చినవ్. తిని పో."

కోడలు కంచం పెట్టింది. జొన్నరొట్టె, పప్పు. ఆమె నా ఎదురుగా కూర్చుని, నేను తినేదాకా చూస్తూ ఉంది. తిన్నాను.